కొండ గ్రామము సర్కారుతో మాటలాడుటెట్లు?



పలాసనుండి మందస మీదుగా పడమటికి పోవుచుండగా, కొబ్బరితోటలును జీడితోటలును వెనుకబడిన కొలది మహేంద్రగిరి వరుస కన్నుల కెదురగును. ఆ కొండల మొదళ్లయందును చరియలయందును సవరల గూడెములు గలవు. వారు చింతపండును, అడ్డాకులను, కొండచీపుళ్లను దించుకొని మన సంతలకు వత్తురు. మనము వారి సరకు నెఱుగుదుము గాని వారి తగవు నెఱుగము. ఆ తగవు ఒక్క మాటలో నిది: తాతలనాటినుండి సాగు చేసికొని తినుచున్న నేలకు కాగితము లేదు. ఆ కాగితము కొఱకు ప్రభుత్వముతో సంప్రతింపవలెను. సంప్రతించుటకు ముందు గ్రామము తన్ను తాను సిద్ధపఱచుకొనుటెట్లన్నదే నేటి ప్రసంగము. ఇది కొండవారికే కాదు. తీరమందలి ఉద్దానపు గ్రామములకును అక్కఱకు వచ్చు సంగతి.

మొదట నా తప్పిదమును చెప్పుకొందును. పదేండ్లకు పైబడిన మాట. ఒక గూడెమువారు నన్ను అర్జీ వ్రాసిపెట్టుమని కోరిరి. నాకు నాలుగక్షరములు వచ్చునన్న గర్వముండెను. మా కొండ మా కిప్పించవలెనని రెండు పుటలు ధారాళముగా వ్రాసితిని. నలువది మందిమి కచేరికి పోయితిమి. అచ్చటి అధికారి మర్యాదగనే కూర్చుండబెట్టి నాలుగు ప్రశ్నలడిగిరి. హద్దులేవి? కుటుంబములెన్ని? సభ తీర్మానమేది? సాక్షులెవరు? ఒక్కదానికిని మా కడ సమాధానము లేదు. తిరిగి సిద్ధపడుటకు రెండేండ్లు పట్టెను. ఈ లోపల, ఆ చరియకు గట్లు వేసిననాడు కన్నులార చూచిన ముదుసలి గతించెను. ఆయన నోటిమాట వ్రాసియుంచినవారు లేరు. వ్రాయవలసినవాడను నేనే, ఆ లోపము నాదే. నావలె మఱియొకరు చేయకుండుటకే ఈ నాలుగు మాటలు.

ఇతర దేశములలో ఆదివాసులకును ప్రభుత్వమునకును ఒడంబడికలు గలవు. న్యూజీలాండు దేశమున 1840 ఫిబ్రవరి 6వ తేదీన వైతాంగియను చోట మావోరీ నాయకులకును ఆంగ్ల ప్రభుత్వమునకును ఒక ఒడంబడిక జరిగెను. ఆంగ్ల ప్రతిలో సార్వభౌమాధికారము రాణికి విడిచినట్లున్నది. మావోరీ ప్రతిలో పరిపాలనను మాత్రమిచ్చి, తమ భూములపై పెత్తనమును తామే నిలుపుకొన్నట్లున్నది. పెక్కుమంది నాయకులు సంతకము చేసినది మావోరీ ప్రతిపైననే. ఆ భేదమును గూర్చిన వాదము నేటికిని తీరలేదు. కెనడాలోని నిస్గా జాతివారు 1890లో తమ భూసంఘమును ఏర్పఱచుకొని, ఆ దేశపు సుప్రీంకోర్టులో తమ వాదము వినిపించి 1973లో తీర్పు పొంది, తుదకు 2000 మే 11 నాటికి ఒడంబడికను అమలునకు తెచ్చుకొనిరి. అనగా నూటపదేండ్లు! మొదటి కథవలన మన భాషలో చదివి వినిపించుకొననిదే వ్రేలు పెట్టరాదని తెలియును. రెండవ కథవలన తరము మాఱినను చెడిపోని దస్త్రము కావలెనని తెలియును.

మన దేశమున నిట్టి ఒడంబడికలు లేవు, చట్టములు గలవు. కావున ఏ చట్టపు గుమ్మము మనకు తెఱచియున్నదో ముందుగా తెలిసికొనవలెను. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ 1959 నాటి భూబదిలీ నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి 1వ నిబంధనయు, గ్రామసభలకు బలమిచ్చిన 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టమును గలవు. అయితే మందస, మెళియాపుట్టి మండలముల సవర గ్రామములు ఆ షెడ్యూలులో చేరలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట మన్యము పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసెను; షెడ్యూలుకు వెలియైన ఈ గూడెములు శ్రీకాకుళమున మిగిలెను. తమ్మును షెడ్యూలులో చేర్పవలెనని వారు కోరుచునే యున్నారు. అది ఢిల్లీలో తేలవలసిన పని. అది తేలువఱకు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కఱలేదు. ఏల యనగా 2006 నాటి అటవీ హక్కుల చట్టమునకు షెడ్యూలుతో పని లేదు. అడవి యున్న ప్రతిచోటను అది చెల్లును.

ఈ అడవి తగవు క్రొత్తది కాదు. 1940లో మందస జమీందారీ అడవిలో కట్టె కొట్టుకొను హక్కును గూర్చి రైతులు నిలువగా, గుడారి రాజమణిపురమున పోలీసు కాల్పులలో గున్నమ్మ ప్రాణము విడిచెను. నేడు వీరగున్నమ్మ యని మనము తలచుచున్న తల్లి ఆమెయే. నాడు ప్రాణమొడ్డి అడిగిన దానిని నేడు కాగితముపై అడుగు వీలు కలిగినది. ఆ వీలును జాఱవిడుచుట ఆమెకు మర్యాద కాదు.

ఇక పని వరుస చెప్పెదను.

మొదటిది సభ. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీపురుషులందఱు గ్రామసభ సభ్యులే. సభకు సగముమందికి తక్కువ రాకూడదు. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. పెద్ద పంచాయతీలో మూలనున్న గూడెము తన సభను తన గూడెమందే జరుపుకొనవచ్చునని కేంద్ర ప్రభుత్వము 2012లో మార్గము చూపినది. ఆ సభ 10 మొదలు 15 మంది వఱకు అటవీ హక్కుల సంఘమును ఎన్నుకొనును. అందు మూడింట రెండువంతులు గిరిజనులును, మూడవవంతు స్త్రీలును ఉండవలెను. అడవిలో ఏ మూల ఏ దుంప దొరకునో స్త్రీలే ఎక్కువగా ఎఱుగుదురు. కావున వారిని పేరునకు మాత్రము కూర్చుండబెట్టరాదు.

రెండవది హద్దు. సభకు తరువాత పెద్దలును పడుచువారును కలిసి గ్రామపు టెల్లలపై నడువవలెను. గెడ్డ, రాయి, చింతచెట్టు, శ్మశానము, దేవతస్థలము, పశువుల మేత, అన్నియు ఒక పటమున గుర్తింపవలెను. ప్రక్క గూడెముతో హద్దు తగవున్నచో కచేరికి పోవుటకు ముందే వారితో కూర్చుండి తీర్చుకొనవలెను. మన యింటి తగవును అధికారి బల్లపై పెట్టినచో, ఇరువురి పనియు ఆగిపోవును.

మూడవది సాక్ష్యము. 2005 డిసెంబరు 13 నాటికి ముందే ఆ నేల మన సాగులో నున్నట్లు చూపవలెను. పట్టా కాగితము లేకున్నను భయపడనక్కఱలేదు. గట్లు, చదును చేసిన చరియ, పాత గుడిసె, నుయ్యి, శ్మశానము, ఇవన్నియు సాక్ష్యములే. వంశావళి సాక్ష్యము. అర్జీదారు గాని పెద్దమనిషి చెప్పిన మాట వ్రాతలో పెట్టినచో అదియు సాక్ష్యము. ఇట్టి వానిలో ఒకటికి మించి చూపవలెను. ఉపగ్రహపు బొమ్మ యిట్టి సాక్ష్యములకు తోడగును గాని వాని స్థానము నాక్రమింపజాలదని 2012 నాటి నియమములు చెప్పుచున్నవి. ముసలివారి మాటలను ముందుగా వ్రాయుడు. పంట వచ్చే యేడు వచ్చును. ముసలివాడు వచ్చే యేడు ఉండునో లేదో! వారు సవర భాషలో చెప్పినచో సవరలోనే తెలుగు లిపితో వ్రాసి, ప్రక్కన తెలుగర్థము పెట్టుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తి పంతులుగారు కష్టించి ఆ భాష నేర్చి, 1931లో వ్యాకరణమును 1938లో నిఘంటువును వెలువరించిరి. అంతటివారు నేర్చుకొన్న భాష కచేరిలో వినబడుటకు సిగ్గుపడ నేల?

నాలుగవది కోరిక. కుటుంబపు సాగునేలకు వేఱు అర్జీ, గ్రామమంతటి ఉమ్మడి హక్కులకు వేఱు అర్జీ, గ్రామము కాపాడుకొనుచున్న అడవికి వేఱు అర్జీ గలవు. కుటుంబపు హక్కు 4 హెక్టార్లకు మించదు. పట్టా భార్యాభర్తల యిరువురి పేర వచ్చును. వారసులకు చెందును గాని అమ్ముటకు వీలులేదు. తఱచుగా జనులు మొదటి అర్జీతో తృప్తిపడి తక్కిన రెంటిని మఱచెదరు. సాగునేల దక్కి, కట్టెకును ఆకునకును పోవు అడవి దక్కనిచో, కొండపై బ్రతుకు సగమే దక్కినట్లు. ఇంతియే కాదు. మనము వదలుకొనరానిదేది, సర్దుకొనదగినదేది యను మాట సభలోనే తేల్చుకొని తీర్మానములో వ్రాయవలెను. కచేరిలో కూర్చుండి గుసగుసలాడుట గ్రామమునకు చేటు.

అయిదవది మాటలాడువారు. నలువది మంది పోవలదు, నలుగురు పోవుడు. అందొకరు స్త్రీ, ఒకరు చదువుకొన్న పడుచువాడు కావలెను. అర్జీ యిచ్చినచో రసీదు తీసికొనుడు. జరిగిన మాటలను నాడే వ్రాసి, మఱునాడు సభలో చదివి వినిపింపుడు. సభ తీర్మానము డివిజను సంఘమునకును, అటనుండి కలెక్టరు అధ్యక్షతనున్న జిల్లా సంఘమునకును పోవును. త్రోసివేసినచో కారణము వ్రాతలో నీయవలెను. గ్రామసభ నిర్ణయముపై డివిజను సంఘమునకును, డివిజను సంఘ నిర్ణయముపై జిల్లా సంఘమునకును 60 దినములలో మనవి చేసికొనవచ్చును. ఆ 60 దినములను గోడపై గీతలు గీసి లెక్కపెట్టుడు.

ఇదంతయు జరుగునా యని మీరడుగవచ్చును. మనకు పొరుగుననున్న ఒడిశా నియమగిరిలో గని త్రవ్వకమును గూర్చి గ్రామసభలే తేల్చవలెనని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పెను. ఆ యేడే 12 గ్రామసభలు కూడెను, పండ్రెండును వలదనెను. గని ఆగెను. మన తీరమున సోంపేట బీల కథ మీకు తెలిసినదే. వరి పండి చేపలు దొరకు తడినేలను బీడని దస్త్రమున వ్రాసినందువలన ఎంత అనర్థము కలిగినది! 2010 జూలై 14న కాల్పులలో ప్రాణములు పోయినవి. అదే దినమున పర్యావరణ అప్పీలు సంస్థ విద్యుత్కేంద్రపు అనుమతిని రద్దు చేసెను. దస్త్రమున మన నేల పేరేమని యున్నదో ముందుగా చూచుకొనుట యెంత ముఖ్యమో దీనివలన గ్రహింపుడు.

ఇక పల్లపు పెద్దలకు ఒక్క మనవి. సంతకు వచ్చిన సవర పెద్ద అర్జీ వ్రాసిపెట్టుమన్నచో కాదనకుడు. అయితే నావలె ధారాళముగా వ్రాయకుడు. హద్దులేవని, కుటుంబములెన్నియని, తీర్మానమేదని, సాక్షులెవరని ముందు మీరే అడుగుడు. నాలుగింటికిని సమాధానము వచ్చిన పిమ్మట కలము పట్టుడు. సమాధానము రాకున్నచో కొండ యెక్కి, ఆ గూడెములో అందఱికన్న ముసలివారి గుమ్మమున కూర్చుండి, వారు చెప్పినది మొదట వ్రాయుడు.

సెలవు.