కరెంటు స్తంభం నంబర్ చెప్పేసింది: యుద్ధం రోజుల్లో మీ ఫోన్ ఏమేం లీక్ చేస్తుంది?

2025 మే 8 రాత్రి. ఆపరేషన్ సిందూర్ మొదలై రెండో రోజు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నారాయణరావుపేటలో మా ఇంట్లో ఉన్నా. హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. గూడ్స్ రైలు, దాని మీద వరసగా ఆర్మీ బండ్లు. కింద మెసేజ్: "అన్నా, మస్తు క్లియర్‌గ వచ్చింది. న్యూస్ ఛానెల్ నంబర్‌కు పంపుతే ఏస్తరంటవా?"

నిజంగానే మస్తు క్లియర్‌గా ఉంది. మేం ఇక్కడ రివ్యూల్లో పొగిడే స్టెబిలైజేషన్, నైట్ మోడ్, జూమ్, అన్నీ పనిచేశాయి. ఎక్కడ తీశాడో వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఒకచోట పాజ్ చేసి జూమ్ చేశా. పట్టాల పక్కన కరెంటు స్తంభానికి నంబర్ ప్లేట్ ఉంటుంది కదా, అది చదవొచ్చు. ఆ నంబర్‌లో కిలోమీటర్ లెక్క ఉంటుంది. అంటే ఏ లైనో తెలిస్తే చాలు, స్పాట్ దొరికినట్టే. వ్యాగన్లు ఎన్నో లెక్కపెట్టొచ్చు, ఏ దిక్కు పోతుందో చూడొచ్చు. హ్యాకింగ్ అక్కర్లేదు, పాజ్ బటన్ చాలు.

"లొకేషన్ ఆఫ్ చేసే తీసిన అన్నా" అన్నాడు. మంచిదే. ఫొటోని మామూలుగా పంపితే వాట్సాప్ మెటాడేటా తీసేస్తుంది కూడా. కానీ క్వాలిటీ పోవద్దని డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ ఫైలే వెళ్తుంది, ట్యాగ్ ఉంటే అదీ వెళ్లొచ్చు. ఇంకా ముఖ్యమైనది, ఫ్రేమ్‌లో కనిపించే స్తంభాన్ని ఏ సెట్టింగూ ఆఫ్ చేయలేదు.

"గిది సీక్రెట్ ఎట్లయితది, రోడ్డు మీదోళ్లంత చూస్తున్నరు?" అని వాదించాడు. పాయింటే. అయితే 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో "రహస్యం" అంటే ఏంటో నిర్వచనమే లేదు. కాగితం మీద ముద్ర ఉండాలనేం లేదు, శత్రువుకు పనికొచ్చే సమాచారమైనా కేసు కావచ్చు. ఇచ్చినవాళ్లే కాదు, తెలిసీ తీసుకున్నవాళ్లూ ఇరుక్కుంటారు. పైగా 2025 ఏప్రిల్ 26నే కేంద్ర సమాచార ప్రసార శాఖ, బలగాల కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని ఛానెళ్లతో పాటు సోషల్ మీడియా యూజర్లకీ చెప్పింది. కార్గిల్, 26/11, కాందహార్ హైజాక్ అప్పుడు జరిగినవి అందులో గుర్తుచేసింది.

మన దగ్గరే విశాఖపట్నం కేసు ఉంది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" పేరుతో ఏడుగురు నేవీ సిబ్బందిని పట్టుకున్నారు. ఫేస్‌బుక్ పరిచయాలతో మొదలై, ఓడల కదలికల వివరాలు పాకిస్తాన్ వైపు వెళ్లాయన్నది ఆరోపణ. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ బంద్ చేసింది.

అట్లని ప్రెస్‌కి లీక్ చేసేవాళ్లంతా దేశద్రోహులని నేననను. వియత్నాం యుద్ధం నడుస్తుండగానే 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ పెంటగాన్ పేపర్స్‌ని న్యూయార్క్ టైమ్స్‌కి ఇచ్చాడు. అమెరికా సుప్రీంకోర్టు ప్రచురించుకోనిచ్చింది. ఆ ఫైళ్లలోని చరిత్ర 1968 దగ్గరే ఆగిపోతుంది. జనానికి ప్రభుత్వం చెప్పిన అబద్ధాలు బయటపడ్డాయి తప్ప, ఆ రాత్రి ఏ రైలు ఎటు పోతుందో అందులో లేదు. మావాడి వీడియోలో ఉన్నది అదొక్కటే.

ఉక్రెయిన్ యుద్ధం మీద సీక్రెట్ పేపర్లని ఫోన్‌తో ఫొటో తీసి డిస్కార్డ్‌లో పెట్టిన జాక్ టెషేరాకి 21 ఏళ్లు. ప్రెస్ కోసం కూడా కాదు, గేమింగ్ ఫ్రెండ్స్ ముందు గొప్పకి. ఫొటోల అంచుల్లో కనిపించిన ఇంటి వివరాలు, వాళ్ల కుటుంబం ఆన్‌లైన్‌లో పెట్టుకున్న ఫొటోలతో సరిపోయాయని న్యూయార్క్ టైమ్స్ పట్టేసింది. 2023 ఏప్రిల్‌లో అరెస్ట్, 2024 నవంబర్‌లో 15 ఏళ్ల శిక్ష. ఆయనా ఫ్రేమ్‌లో ఏముందో చూసుకోలేదు.

ఇదంతా ఆ రాత్రి మావాడికి చెప్తే కాసేపు రిప్లై లేదు. తర్వాత "డిలీట్ కొట్టిన అన్నా" అని పెట్టాడు. బ్యాకప్ ఆన్‌లో ఉంటే గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులు అట్లనే ఉంటుందని చెప్పి, అదీ ఖాళీ చేయించా. తర్వాత నా చాట్‌లో ఉన్న కాపీ గుర్తొచ్చింది.