బెల్లం బేరం ఏ భాషలో?

అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మల వరసల మధ్య తిరిగే ఒక వ్యాపారిని ఊహించుకోండి. రైతుతో తెలుగు, ఒడిశా కొనుగోలుదారుతో ఒడియా, ఫోన్లో హిందీ. ఓ పూట పక్షవాతం వచ్చి ఆయనకి నోట మాట పడిపోయిందనుకుందాం. చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, పదం మాత్రం అందదు. కొందరికి ఎదుటివాళ్ల మాట కూడా సరిగా అర్థం కాదు. దీన్నే అఫేసియా అంటారు.

ఆయన హిందీలో తడబడుతున్నాడు. అది జబ్బు చేసిన పనా, మొదటినుంచీ ఆయన హిందీ అంతంతమాత్రమేనా? "ఎన్ని భాషలొచ్చు?" అని అడిగితే ఇది తేలదు. సరుకు ధర చెప్పే హిందీ వేరు, వియ్యంకుడితో మనసు విప్పి మాట్లాడే హిందీ వేరు.

మాంట్రియల్ భాషాశాస్త్రవేత్త మిషెల్ పారడీ 1987లో వెలువరించిన ద్విభాషా అఫేసియా పరీక్ష అందుకే రోగి భాషల చరిత్రతో మొదలవుతుంది. 2007లో వచ్చిన లీప్-క్యూ ప్రశ్నావళి ఏ భాష ఎప్పుడు నేర్చారు, ఇప్పుడు ఏది ఎంత శాతం చెవిన పడుతోంది అని అడుగుతుంది. మాట్లాడటానికి, అర్థం చేసుకోవడానికి, చదవడానికి విడివిడిగా సున్నా నుంచి పది దాకా మార్కులు ఎవరికి వారే వేసుకోవాలి. మనవాళ్లతో పేచీ ఇక్కడే. మొహమాటస్తుడు ఐదు దగ్గర ఆగిపోతాడు, గొప్పలకి పోయేవాడు తొమ్మిదికి తగ్గడు. ఒడియా గలగలా మాట్లాడి, ఒక్క అక్షరమూ చదవలేని వ్యాపారికి చదివే గడిలో సున్నా పడుతుంది. అంతమాత్రాన ఆయనకి ఒడియా రానట్టా?

అంతకన్నా నమ్మదగింది రోజును గంటలుగా విడగొట్టి, ఏ గంటలో ఎవరితో ఏ భాష మాట్లాడారో రాయించడం. మాట పడిపోయిన మనిషి తరఫున ఇంటివాళ్లే చెప్పాలి. అయితే మార్కెట్లో ఆయన మాట్లాడే హిందీ భార్య చెవిన ఎన్నడూ పడి ఉండకపోవచ్చు. గుమాస్తాని పిలిపించాల్సిందే.

జబ్బులేని ద్విభాషుల్నీ ఇలాగే కొలుస్తారు. రోగులతో పోల్చడానికి వాళ్లే తూకం రాయి. అది లేకుండా తరుగెంతో ఎలా తెలుస్తుంది?

మరి రెండో భాష రావడం పక్షవాతం తర్వాత అక్కరకొస్తుందా? హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగుల వివరాలు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. అఫేసియా మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకే మోతాదులో కనిపించింది.

ఇక ఏ భాష ముందు తిరిగొస్తుంది? మొదట నేర్చిందేనన్నాడు ఫ్రాన్స్‌కి చెందిన రిబో. కాదు, బాగా అలవాటైందేనని 1895లో ఫ్రెంచి వైద్యుడు పిత్ర్ వాదించాడు. రోగులు ఇద్దరి మాటా పూర్తిగా నిలబెట్టలేదు. మన వ్యాపారికి అమ్మ నేర్పిన తెలుగుతో మొదలుపెట్టాలా, రోజంతా నోట నానిన ఒడియాతోనా? స్పీచ్ థెరపిస్టు ముందు గుమాస్తా చెప్పిన గంటల పట్టిక చూడాలి.