చార్జి అప్పగించు వేళ

పెద్ద ఆసుపత్రుల వార్డులలో దినమునకు రెండు మూడు మారులు ఒక చిన్న కార్యము జరుగును. డ్యూటీ దిగు నర్సు, డ్యూటీ ఎక్కు నర్సుకు రోగులను అప్పగించును. ఏ మందు ఎప్పుడిచ్చిరి, సెలైను ఎంత ఎక్కినది, జ్వరమెంత యున్నది, ఇవన్నియు కొలది నిమిషములలో చెప్పవలెను. అప్పగించునామె ఏబది యేండ్ల సిస్టరును, అందుకొనునామె నిన్న మొన్న శిక్షణ ముగించిన పిల్లయు నైనప్పుడు, రోగుల క్షేమము వారిరువురి మాట పొందికపై ఆధారపడియుండును.

పెద్దామె రోగి ముఖము చూచియే కీడును శంకింపగలదు. చిన్నామెకు క్రొత్త యంత్రములు బాగుగ తెలియును. ఈ రెండు విద్యలును ఒకే మంచము వద్ద కలియవలెను. మోతాదులో దశాంశ బిందువు ఒక స్థానము తప్పినచో మందు పదిరెట్లగును. అది గమనించిన చిన్న నర్సు, చెప్పిన కసరుదురేమో యని నోరు మూసికొన్నచో, మూల్యము చెల్లించువాడు రోగి.

1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేలు నిధితో శిక్షణాలయము వెలసిన నాటినుండియు పెద్దలు పిన్నలకు వార్డులోనే విద్య గరపుచున్నారు. అయినను శిక్షణ పేర కాఠిన్యమును చొరబడినది. 1986లో అమెరికాలో జుడిత్ మైస్నర్ అను నర్సు, తమ వృత్తిలోని పెద్దలే పిన్నలను భక్షించుచున్నారా యని ఒక వ్యాసమున ప్రశ్నించెను. అంతకు రెండేండ్లు ముందు, 1984లో, పెట్రీషియా బెన్నర్ నర్సుల నైపుణ్యము ఐదు మెట్లుగా పెరుగునని తన గ్రంథమున వివరించెను. క్రొత్తగా చేరినామె నియమములను పట్టుకొని నడచును; ఆరితేరినామె సందర్భమును ఒక్కచూపున గ్రహించును. కాని చూపున తోచినదానిని నోట చెప్పనిచో రెండవవారికి అందదు.

ఇందులకై నేడు పలు దేశముల ఆసుపత్రులలో అనుసరించు పద్ధతి యొకటి అమెరికా నౌకాదళపు జలాంతర్గాముల నుండి వచ్చినది. రోగి స్థితి యేమి, పూర్వ వృత్తాంతమేమి, నాకేమి తోచుచున్నది, ఏమి చేయవలెను, ఈ నాలుగింటిని వరుసగా చెప్పవలెను. ఎంత చిన్న నర్సునైనను "నీకేమి తోచుచున్నది?" అని పద్ధతియే అడుగుచున్నది. కావున ఆమె చెప్పుట ధిక్కారము కాక విధియే యగుచున్నది.

మన ఆసుపత్రులలో నర్సును "సిస్టర్" అని పిలుతురు. ఆ పిలుపులో అక్కయు కలదు, చెల్లెలును కలదు. చెల్లెలి తప్పును అక్క నలుగురిలో గాక చాటున దిద్దవలెను. చెల్లెలు తన సందేహమును దాచక వినయముతో అడుగవలెను. ఈ అలవాటు వార్డులో అడుగిడిన పిమ్మట హఠాత్తుగా రాదు. నేడు తరగతిలో ప్రశ్నించినందుకు గద్దింపబడిన బాలికయే, రేపు రోగి మంచము ప్రక్కన తెలిసియు మాటాడక నిలువవచ్చును. ఉపాధ్యాయులు ఈ సంగతి యోచింతురుగాక!