బడికి రాని బిడ్డకు బాధ్యు లెవరు?

రెక్కాడినగాని డొక్కాడని యింట పుట్టిన బిడ్డకు చదువెక్కడిదని మనలో పెక్కుమంది నిట్టూర్చుట పరిపాటి. దయార్ద్రముగా తోచు నీ మాట, నిజమునకు, బాధ్యతను పేదవాని నెత్తిన రుద్ది మనము చేతులు దులుపుకొనుటకే తోడ్పడినది. తండ్రి లేమియే బిడ్డను పనికి పంపుచున్నదని తీర్మానించుకొన్న పిమ్మట, తక్కువ కూలి యిచ్చి లాభపడు యజమానికిని, రాని బిడ్డను విచారింపని పాఠశాలకును ఏ పూచీయు లేకుండ పోయినది.

కర్నూలు, మహబూబ్‌నగరు ప్రాంతములలో సంకర పత్తివిత్తనము పండించు చేల సంగతి చూడుడు. మొదటినాడు మొగ్గ నొలిచి అందలి కేసరములను తీసివేయుట, మరునాటి యుదయము వేరొక పూవు పుప్పొడిని దానికి రుద్దుట అను నీ ‘క్రాసింగు’ పని, మొగ్గ మొగ్గకును చేతితోనే, కొన్ని నెలలపాటు నాగా లేకుండ సాగవలెను. దీనికి ఏండ్ల తరబడి బాలికలనే కుదుర్చుకొనుచు వచ్చిరి. చిన్నవేళ్లకే యీ పని చక్కగా వచ్చునని చెప్పుకొనిరి గాని, పెద్దలకంటె తక్కువ కూలికి దొరకుదురనుటయు, ముందుగా అడ్వాన్సు పుచ్చుకొన్న తల్లిదండ్రులు ఎదురు చెప్పజాలరనుటయు అసలు కారణములు.

మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో నెలకొనిన ఎం.వి. ఫౌండేషను, రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఆసాములయొద్ద జీతమున్న పిల్లలను విడిపించి బడిలో చేర్పించు కార్యమునకు 1991లో పూనుకొన్నది. ఆచార్య శాంతా సిన్హాగారి నాయకత్వమున ఆ సంస్థ యవలంబించిన సూత్రము మిక్కిలి సూటియైనది: బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే. ఊరూర తిరిగిన కార్యకర్తలకు, బిడ్డలను చదివింపవలెనను కోరిక నిరుపేదలయందును గాఢముగా గలదనియు, వారిని గుమ్మమునుండి వెనుకకు త్రిప్పుచున్నవి బడి పద్ధతులే యనియు తేటపడినది.

తల్లి బిడ్డను వెంటబెట్టుకొని వచ్చును. జూన్ దాటినదనియు, పుట్టినతేది సర్టిఫికెట్టు లేదనియు, మునుపటి బడినుండి టి.సి. తేవలెననియు హెడ్‌మాస్టరు చెప్పును. వేలిముద్ర వేయు నా తల్లికి ఆ కాగితము లే యాఫీసులో దొరకునో తెలియదు. తెలిసికొనబోయినచో ఒకనాటి కూలి పోవును. ఒకవేళ చేర్చుకొన్నను, పదకొండేండ్ల బిడ్డను ఒకటవ తరగతి పసివాండ్ర నడుమ కూర్చుండబెట్టినచో, సిగ్గుపడి వారము తిరుగకముందే మానివేయును. అందులకే ఆ సంస్థ బ్రిడ్జి క్యాంపులు నడిపి, పిల్లలు కొన్ని నెలలు అచ్చటనే యుండి చదివి, తమ యీడువారి తరగతిలో చేరునట్లు చేసినది.

ఉచిత నిర్బంధ విద్యకు రాజ్యాంగము పెట్టుకొన్న పదియేండ్ల గడువు 1960లోనే తీరినను, కేంద్ర చట్టము వచ్చుటకు 2009 వరకు ఆగవలసి వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, పైజెప్పిన అడ్డంకులను ఒక్కొక్కదానినే పేర్కొని తొలగించినది. యీడుకు తగిన తరగతిలో చేర్చి, అవసరమైన ప్రత్యేక శిక్షణ నొసగవలెనని 4వ సెక్షను చెప్పుచున్నది, టి.సి. ఆలస్యమైనదని 5వ సెక్షను ప్రకారమును, వయోధ్రువపత్రము లేదని 14వ సెక్షను ప్రకారమును, గడువు దాటినదని 15వ సెక్షను ప్రకారమును ఎవరినీ త్రిప్పిపంపరాదు. తన పరిధిలోని పదునాలుగేండ్లలోపు పిల్లల పట్టిక నుంచుకొని, వారు బడిలో చేరునట్లును హాజరగునట్లును చూచుట స్థానిక సంస్థల విధి యని 9వ సెక్షను శాసించుచున్నది. కావున బడికి రాని బిడ్డను గూర్చి సంజాయిషీ చెప్పుకొనవలసినవారు కూలికి పోవు తల్లికంటె ముందు ముగ్గురున్నారు: పట్టిక వ్రాయని పంచాయతీవారు, కాగితము లడిగిన హెడ్‌మాస్టరు, ఆ బిడ్డచేత పని చేయించుకొనుచున్న ఆసామి.