ఒకే ఇంట ఒకే జ్వరము

ఇంటిలో ప్రవేశించిన జ్వరము ఇంటిల్లిపాదిని ఒకే తీరున బాధింపదు. పిల్లవాడు బడినుండి దగ్గు తెచ్చును. రెండు దినములలో లేచి ఆటలకు పోవును. తల్లికి వారము దినములు ఒళ్ళునొప్పులు. తాతగారిని మాత్రము ఆసుపత్రికి చేర్పవలసివచ్చును. వైరస్ ఒక్కటే, దానికి చోటిచ్చిన దేహములు వేరు. వయస్సునుబట్టి, స్త్రీపురుష భేదమునుబట్టి ఈ వ్యత్యాసమెట్లు కలుగుచున్నదో కొంత విచారింతము.

మొదట శిశువుల సంగతి. ఆర్.ఎస్.వి. యను వైరస్ పెద్దవారికి వట్టి పడిసెముగా వచ్చి పోవును. ఆరు నెలలు నిండని పసికందుకు అదే ఊపిరి సలుపనీయదు. గొట్టము వెడల్పు సగమైనచో అందు ప్రవాహమునకు కలుగు నిరోధము రెండింతలు కాదు, ఇంచుమించు పదునారింతలగునని భౌతికశాస్త్రము చెప్పుచున్నది. పెద్దవారి శ్వాసనాళమున వెంట్రుకవాసి వాపు లెక్కకు రాదు. పసివాని సన్నని నాళికలో ఆ వాపే దారిని మూసివేయును. మగశిశువులు ఈ వ్యాధితో ఆసుపత్రి చేరుట ఆడుశిశువులకంటె కొంత హెచ్చు. వారి నాళికలు కొంచెము మరింత ఇరుకుగా నుండుట ఇందులకొక కారణమని వైద్యులందురు. బిడ్డ డొక్కలు ఎగురవేయుచు పాలు త్రాగలేకున్నచో నాటుమందులతో కాలము గడపరాదు.

ఏటేట వచ్చు ఇన్‌ఫ్లుయెంజా మరణములను వయస్సువారీగా గీత గీసి చూచినచో రెండు కొసలును పైకి లేచి, నడుమ పల్లముగా నుండును. పసివారు, వృద్ధులు దానికి లోబడుదురు, యువకులు తప్పించుకొందురు. 1918లో ఈ గీత తలక్రిందులైనది. నడుమనే ఒక శిఖరము లేచినది. ఇరువది నుండి నలుబది ఏండ్ల నడిమివారు, కండబలము గలవారు రాలిపోయిరి. అరువది దాటినవారిలో పలువురు నిలిచిరి. అంతకుమున్ను ఎన్నడో అటువంటి వైరస్ వారిని తాకి రక్షణ నిచ్చియుండునని శాస్త్రజ్ఞుల ఊహ. బాల్యమున మనకు తొలిసారి సోకిన ఇన్‌ఫ్లుయెంజా ఏ జాతిదో దాని గుర్తు దేహము జీవితాంతము మరువదు. 2016లో ప్రకటితమైన ఒక పరిశోధన దీనికి చక్కని నిదర్శనము. పక్షులనుండి మనుష్యులకు సోకు ఇన్‌ఫ్లుయెంజాలు రెండింటిలో, 1968కి పూర్వము పుట్టినవారు ఒకదానిని, తరువాత పుట్టినవారు రెండవదానిని మెరుగుగా తట్టుకొనుచున్నారు. 1968లో ప్రబలిన హాంగ్‌కాంగ్ ఇన్‌ఫ్లుయెంజాతో వాడుకలోని వైరస్ జాతి మారుటయే ఇందులకు హేతువు. కావున వయస్సన్న ఏండ్ల లెక్కయే కాదు, ఏ యేట పుట్టితిమన్న లెక్కయు కలదు.

కోవిడ్ వచ్చిన 2020లో అట్టి పూర్వరక్షణ ఎవరికిని లేదు. అప్పుడు వార్ధక్యమే ప్రధానమైనది. ముదిమితో క్రొత్త శత్రువును గుర్తించు కణములు తరిగిపోవును. గుండెజబ్బు, మధుమేహము వంటివి తోడగును. వృద్ధులలో జ్వరమైనను సరిగా కనబడదు. అన్నము ముట్టక, మాట తడబడి, మత్తుగా పడియుండుటయే కొందరిలో మొదటి గుర్తు. ఒళ్ళు చల్లగానే యున్నదికదా యని ఇంటివారు ఊరకుండుట పెక్కుచోట్ల ముప్పు తెచ్చినది.

మగవారు కొంచెము పడిసెమునకే పెద్ద రోగమువలె మూలుగుదురని ఇల్లాండ్రు ఎగతాళి చేయుట కద్దు. కోవిడ్ విషయమున మాత్రము ఆ మూలుగు అబద్ధము కాదు. చాల దేశములలో పురుషుల మరణములే హెచ్చు. వైరస్ ప్రవేశించినంతనే దేహము ఇంటర్ఫెరాన్ అను హెచ్చరిక ద్రవ్యమును స్రవించును. ప్రాణాపాయ స్థితిలోనున్న 987 మంది కోవిడ్ రోగులను 2020లో పరీక్షింపగా, 101 మందిలో దేహమే తన ఇంటర్ఫెరాన్‌ను అణచివేయుచున్నట్లు తేలినది. ఆ 101 మందిలో 95 మంది పురుషులు! వైరస్‌ను పసికట్టు ఒక జన్యువు ఎక్స్ క్రోమోసోముపై నున్నది. స్త్రీలకు అట్టి క్రోమోసోములు రెండు, పురుషులకు ఒకటే. అది చెడినచో మారు లేదు. పొగత్రాగుట వంటి అలవాట్లును దీనికి తోడు.

అట్లైనచో స్త్రీలది ఎల్లప్పుడు పైచేయి యగునా? మన దేశ చరిత్ర కాదనుచున్నది. 1918 జూన్‌లో బొంబాయి రేవున తలయెత్తిన ఇన్‌ఫ్లుయెంజా సెప్టెంబరు నాటికి ఉగ్రరూపము దాల్చి దేశమంతట వ్యాపించినది. కోటి ఇరువది లక్షలకు తక్కువ గాకుండ మరణించిరని పలువురి అంచనా. అమెరికావంటి దేశములలో యువకులు హెచ్చుగా మరణింపగా, ఇచ్చట యువతులు హెచ్చుగా మరణించిరి. ఆ యేడు వానలు తప్పి, ధాన్యము ధరలు మండిపోయినవి. ఇంటిలో చివర తినునది స్త్రీ. రోగుల ప్రక్కన రాత్రులు మేలుకొనునదియు ఆమెయే. తనకు జ్వరము వచ్చినపుడు పొయ్యి వెలిగింపక పండుకొను వీలు ఎందరికుండెను? దీనిని దేహధర్మమని సరిపెట్టుట మాకు సమ్మతము కాదు. 1911 జనాభా లెక్కలలో వెయ్యిమంది పురుషులకు 964 మంది స్త్రీలుండగా, 1921లో 955 మందియే మిగిలిరి. తగ్గుదల యంతయు ఈ జ్వరమువలననే యనలేము గాని, దాని పాలు కాదనలేము.

గర్భిణులది ప్రత్యేక స్థితి. పెరుగుచున్న గర్భము ఊపిరితిత్తులను క్రిందినుండి ఒత్తును. గుండెకు పని హెచ్చును. శిశువును పరాయిదిగా నెంచి త్రోసివేయకుండుటకై దేహపు రక్షణశక్తి తన తీరు మార్చుకొనును. 1918లోను, 1957లోను, 2009లోను గర్భిణుల మరణములు హెచ్చుగా నమోదైనవి. అందుచేతనే 2012లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇన్‌ఫ్లుయెంజా టీకాకు గర్భిణులను అందరికంటె ముందు నిలిపినది. ఆ టీకా వలన తల్లి రక్తమున పుట్టిన రక్షణద్రవ్యములు మాయ ద్వారా శిశువునకు చేరును. ఆరు నెలలు నిండువరకు ఆ బిడ్డకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయరు. అందాక తల్లి ఇచ్చిన ఆ రక్షణయే దానికి ఆధారము.