చర్మపు కాన్సరు - మందుల వెల

బాలాపూరులో రాయి మోయు కూలి తన అరికాలి నల్లమచ్చను ఆనెకాయ యని తలచును. ఆనెలు లేని కూలి యెవ్వడు? కాని మెలనోమా యను చర్మపు కాన్సరు మన చాయవారికి తరుచుగా పుట్టునది అరికాలను, గోటిక్రిందనే. దానికి ఎండతో పనిలేదు. తొలుతనే పట్టుకొన్నచో శస్త్రచికిత్సతో కుదురును. 1955లో వెలసిన ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి నగరముననే యున్నది.

లోనికి ప్రాకినపిదప కావలసిన పెంబ్రోలిజుమాబువంటి మందులతో ఏడాది చికిత్స లక్షలతోగాని తేలదు. ఇచట మేమొకటి జ్ఞప్తికి దెత్తుము. 2012 మార్చిలో ఈ నగరపు నాట్కో సంస్థకు సొరాఫెనిబు అను వేరొక కాన్సరుమందు తయారికి నిర్బంధ లైసెన్సు లభించినది. నెలకు సుమారు రూ. 2,80,000 లైన చికిత్స, నాట్కో మందుతో రూ. 8,800 లకే దొరకెను. దేశమున నట్టి లైసెన్సు అదియే మొదటిది. రెండవది నేటికిని లేదు.

పెంబ్రోలిజుమాబు జీవకణములందు పెంచు మందు, తయారి సులభము గాదందురు. వినదగిన మాటయే. అయినను అట్టిదే యగు రిటుక్సిమాబును ఇచటి డాక్టర్ రెడ్డీసువారు 2007లోనే తయారుచేసి యమ్మిరి గదా! ఎవరును అర్జీ పెట్టకున్నను, అవసరము తోచినపుడు కేంద్రప్రభుత్వమే ప్రకటన చేసి లైసెన్సులకు దారి తెరచుటకు పేటెంటు చట్టమున వీలున్నది. చర్మపు కాన్సరు మందులవిషయమున ఆ యధికారము నేల వినియోగింపరో ప్రభుత్వమువారు సెలవీయవలెను.