బతుకమ్మ తాంబాళము – వచ్చు సంవత్సరపు పూలతోట

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలిడి, సద్దుల నాడు చెరువున విడిచి వచ్చితిమి. తాంబాళము కడిగి బోర్లించితిమి. కాని వచ్చు సంవత్సరపు పూలతోటను గూర్చి యోచింపవలసిన దినము లివియే. ఏ పూవు మన పెరటిలో దొరకినదో, దేనికై అంగడికి పోవలసివచ్చినదో మరువకముందే వ్రాసియుంచుకొన్నచో, అదియే మన తోటకు దారి చూపును.

మా నల్లగొండ, మహబూబునగరు ప్రాంతములలో తంగేడు ఎవరును నాటిన చెట్టు గాదు. గుట్టల యోరను, చెల్కల గట్ల మీదను తనంతట తానే పెరిగి, ఎర్రనేలపై పసుపు చల్లినట్లు పూచుచుండెడిది. 2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. బతుకమ్మయు ఆ యేటనే రాష్ట్రపు పండుగ యైనది. అయినను, బీళ్లు ఇండ్లస్థలములైన కొలదిని తంగేడు ఊరికి దూరమగుచున్నది. ఈ యేడు మా వాడలో పలువురు దానిని కట్టలుగా కొనిరి. పూలకు పోవుటయే పండుగలో సగము గదా! మన పిల్లలు చెట్టు నెరుగక కట్టను మాత్రమే యెరిగినచో, ఆ సగము పోయినట్లే.

మూడేండ్ల క్రింద మేము గుట్టనుండి యొక తంగేడుమొక్కను పెకలించి తెచ్చి నాటితిమి. వారము తిరుగకముందే యెండినది. దాని తల్లివేరు లోతుగా దిగును; అది తెగినచో కోలుకొనుట కష్టము. విత్తనమే మేలు. కాయలు ఎండిన పిమ్మట గింజలు తీసి దాచవలెను. పైతోలు గట్టిది గనుక గరుకురాతిపై మెల్లగా రాచి, ఒక రాత్రి నానవేసి, మృగశిర వానలకు పెరటి కంచె వెంబడి, ఉండవలసిన చోటనే విత్తవలెను. ఆ యేడే పూయకపోవచ్చును; వేరూనిన పిమ్మట మాత్రము నీ రడుగక యేండ్ల తరబడి పూచును. పశువులును సాధారణముగా ముట్టవు.

గునుగు ఏటేటను విత్తనమునుండి మొలచునది. కలుపని పూర్తిగా పెరికివేయక, గట్టున నాలుగు మొక్కలను గింజ రాలువరకు నిలుపుడు.

చామంతి పూత ముగియగానే కాడలను పొట్టిగా కత్తిరించి, మొదట లేచు పిలకలను వేసవియంతయు నీడలో కాపాడి, తొలకరికి విడదీసి నాటవలెను. రాత్రులు దీర్ఘమైననే యిది మొగ్గ తొడుగును గాన, వసారా దీపము వెలుగు పడుచోట నాటరాదు. గుండుమల్లెకు మార్గశిర పుష్యములలో నీరు తగ్గించి, మోకాలెత్తునకు కత్తిరించినచో, వేసవి మొదటికే మొగ్గలు విరివిగా వచ్చును.

బియ్యము కడిగిన నీరు, పెరటిలో మూరెడు చోటు, కొంత యోపిక, ఇవి యే యింటనైనను గలవు. పిలక నొకటి పొరుగింటి కిచ్చి, గింజలు నాలుగు ఆడుబిడ్డ చేతికిచ్చి పంపుడు. వచ్చు పెత్రమాసకు మన తాంబాళమున నొక వరుసయైనను మన చేతి పూలతో పేర్చుదము.